రెండు డిస్కులకూ బొట్టు

ఆ రోజుల్లో నాకు తెలిసింది గోరంత, మొండితనం కొండంత. తిరుపతి బస్టాండు వెనక సందులో, పెళ్లి పత్రికలూ లాడ్జీల బిల్లు పుస్తకాలూ కొట్టే డీటీపీ సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఓనరును అందరం అన్న అనే పిలిచేవాళ్లం. ఆయన పత్రికలన్నీ విండోస్ ఉన్న డిస్కులో ఉండేవి. అదే కంప్యూటర్లో నేను రెండో డిస్కు బిగించి, విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ ఎక్కించాను. (ఎందుకని అడిగితే, మొండితనమే అనాలి.) "నా డిస్కు జోలికి పోయినావంటే నువ్వూ నీ డిస్కూ బయటే" అని అన్న ముందే చెప్పాడు. అందుకే లినక్స్‌కు కావలసినవన్నీ దాని డిస్కులోనే పెట్టాను. ఆన్ చేయగానే ఒక మీట నొక్కితేనే అది వస్తుంది, ఊరకుంటే విండోసే.

ఆయుధపూజ మర్నాడు ఊరకున్నా విండోస్ రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలా దిగి, లినక్స్ వచ్చి కూర్చుంది. ఎదురుగా బెంచీ మీద, పత్రికల కోసం తడ నుంచి వచ్చిన పెళ్లికూతురి నాయన.

"నీ లినక్సు నా విండోసును మింగేసినాది సూడు! దాన్ని పీకి పారెయ్. నువ్వూ దాంతోనే పో!" అని అన్న లేచాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ డిస్కును నేను తాకనే లేదన్నా! తాకినానని చూపించు, ఇప్పుడే పోతా" అంటూ కంప్యూటర్ పెట్టె మూత విప్పాను.

లోపల రెండు డిస్కులకూ గంధం, కుంకుమ. "సంపాదనంతా దాంట్లోనే ఉండాది, బయటికి తీసి బొట్టు పెట్టు" అని ముందురోజు చెప్పింది అన్నే. తీసింది, తుడిచింది, మూడు వేళ్లతో గంధం పూసింది మాత్రం నేను. తిరిగి బిగించేటప్పుడు మొదటి కేబులు లినక్స్ డిస్కుకూ, రెండోది విండోస్ డిస్కుకూ తగిలించిన మహానుభావుణ్ణీ నేనే. కంప్యూటర్ పాపం మొదటి కేబులుకు ఏదుంటే దాన్ని లేపింది. తాకలేదని అంతసేపు అరిచానా, నా మూడు వేళ్ల గుర్తులు ఆయన డిస్కు మీద నిక్షేపంగా ఉన్నాయి.

కేబుళ్లు మార్చాను. విండోస్ వచ్చింది. "వచ్చేసిందప్పా!" అని పెళ్లికూతురి నాయన లేచి నిలబడ్డాడు. నేను గమ్మునుంటే సరిపోయేది. ఉండలేదు.

"తాకినోణ్ణి నేనేనన్నా, తప్పు నాది. ఆ డిస్కుది కాదు. దాన్ని మాత్రం పీకను. పీకాలంటే నన్ను పీకు."

అన్న నన్నూ డిస్కులనూ మార్చి మార్చి చూశాడు. "మూత ముయ్యబ్బా. వచ్చే ఏడు బొట్టు పెట్టె పైన పెడితే చాలు" అన్నాడు.

ఇప్పుడు పెద్ద ఆఫీసులో, నాది కాని తప్పుకు కూడా "సరే సార్" అని తలూపుతున్నాను. అప్పుడప్పుడు, మూత విప్పిన పెట్టె ముందు "నన్ను పీకు" అని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడు నన్ను చూస్తే మాత్రం నవ్వడు.