పూటకు పావు చుట్టు

మా ఆయన లారీ వెనక ‘నిదానమే ప్రధానం’ అని పెద్ద అక్షరాలతో రాయించుకున్నారు. వెనక రాసింది వెనకొచ్చేవాళ్లకే గానీ నడిపే మనిషికేం కనపడుతుంది? గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బండి దిగి రోడ్డుకు అడ్డంగా పరిగెత్తారు. ఇంకో లారీ కింద కాలు నలిగింది.

మోకాలి కింద ఎముక కొంత పోయింది. కాలు తీసేస్తారేమోనని విజయవాడ ఆసుపత్రిలో వణికిపోయాను. డాక్టరుగారు మాత్రం మిగిలిన మంచి ఎముకను ఒకచోట కోసి, కాలి చుట్టూ ఉక్కు రింగులు బిగించారు. ఆ రింగులకున్న నట్లు తిప్పేకొద్దీ కోసిన చోట కాస్త కాస్త ఎడం పెరిగి, ఆ సందులో కొత్త ఎముక పుడుతుందట. “పూటకు పావు చుట్టేనమ్మా, అంతకు మించొద్దు” అన్నారు.

జగ్గయ్యపేటలో ఇంటికొచ్చాక ఆ పని తనే చేసుకుంటానన్నారు మా ఆయన. లారీ చక్రాల నట్లు ఇంకొకరిని ముట్టనివ్వని మనిషి, సరేనన్నాను. ఓ మధ్యాహ్నం చూద్దును కదా, పళ్లబిగువున నొప్పి ఆపుకుంటూ తిప్పుతూనే ఉన్నారు.

“ఏం చేస్తున్నారండీ?”

“రెండు చుట్లు ఎక్కువేస్తే తొందరగా పెరుగుద్దిగా. మిర్చి సీజనుకి బండెక్కాలి.”

“అది ఎముకండీ, వీల్ నట్టు కాదు!” పానా లాక్కున్నాను.

నందిగామలో ఎక్స్‌రే తీయించి పంపితే డాక్టరుగారు ఫోన్లోనే కేకలేశారు. తొందరగా లాగితే ఎముక పుట్టదు, ఖాళీయే మిగులుతుందన్నారు. కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టమన్నారు.

ఆ రోజు ఆయన గోడవైపు తిరిగి పడుకుని, “ఇంక నేను బండెక్కనేమోనే” అన్నారు. నా కోపమంతా కరిగిపోయింది.

అప్పట్నించి పానా నా కొంగుకే. వేళ కాగానే ఆయన కాలు నా ఒళ్లో పెట్టి, నా భుజం పట్టుకుని కళ్లు మూసుకునేవారు. నేను పావు చుట్టు తిప్పేదాన్ని. ఎక్స్‌రేలో ఆ సందు చాన్నాళ్లు నల్లగానే ఉంది. ఒకసారి మాత్రం పలచగా, గంజి చిలకరించినట్టు తెల్లగా కనిపించింది. “అదేనండి కొత్త ఎముక” అంది ఎక్స్‌రే తీసే ఆవిడ. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

ఆ తెలుపు గట్టిపడ్డాక రింగులు తీసేశారు. ఇంటికొచ్చి గుమ్మం దాకా తనే నడిచారు.

“మెల్లగా!” అన్నాను.

“నువ్వు తిప్పినంత మెల్లగానేలే” అన్నారు.

సాయంత్రం వేళకి వెళ్లి మంచం మీద కూర్చున్నాను. ఆయన అలవాటుగా కాలు నా ఒళ్లో పెట్టారు. తిప్పడానికి ఇంకేమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన కాలు తీయలేదు, నేను తీయమనలేదు.