గంటన్నర కిందటి ముహూర్తం

ముహూర్తం దాటితే కాపురం చెడుతుందని మీరింకా నమ్ముతున్నారా? తెల్లదొరల పాలన చివరి ఏళ్లలో నేను మారిషస్‌లో ఉండేవాణ్ణి. ఓ ఆదివారం చెరకుతోటల మధ్య సైకిలు తొక్కుతుంటే, లెస్కాలియే అనే ఊరి దగ్గర బస్సు తప్పిన పురోహితుడొకాయన చెయ్యెత్తి ఆపాడు.

"పెళ్లి, బాబూ! తొమ్మిదికి ముహూర్తం. దాటిపోతే ఎట్లా?"

వెనక ఎక్కించుకుని అడిగాను: "పంచాంగం ఎక్కడిది?"

"మీ ఇండియాదే!"

"అక్కడి తొమ్మిదంటే ఇక్కడ ఏడున్నర. ఇప్పుడు ఎనిమిదిన్నర. ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది."

ఆయన వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. తర్వాత అక్కడి క్రియోల్ కలిపి, "అలోర్, అయితే నేను చేయించిన పెళ్లిళ్లన్నీ ఆలస్యమేనా? అందరూ బాగున్నారే!" అని పకపకా నవ్వి నా వీపు తట్టాడు. "దూస్మాన్, నిదానం, బాబూ! మెల్లగా తొక్కు."

మేం చేరేసరికి పదైంది. పెళ్లి హాయిగా జరిగింది.

ఇకనైనా పంచాంగం మూసి, చుట్టాలందరికీ వీలైన వేళకే పెళ్లి పెట్టుకోండి.