బతికున్న మనిషి సొమ్ము

మా మామ గొర్రెల మంద మొత్తం అమ్మేసి, ఆ డబ్బు సూర్యాపేట బ్యాంకులో వేసి వచ్చిన రోజున ఇంట్లో సణిగింది నేనొక్కదాన్నే. కొత్త కోడలినన్న మాటే గానీ నా నోటికి తాళం ఉండేది కాదు. "ఇంట్ల సొమ్ము మంది చేతుల పెట్టి వచ్చుడేంది మామా?" అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "సావుకారైతే మూట గట్టుకొని పారిపోతడు. బ్యాంకు గోడలు పారిపోతయా బిడ్డా?" అని నవ్వాడు.

గోడలు ఎక్కడికీ పోలేదు. పారిపోయింది మేమే.

అప్పుడు మాది నైజాం రాజ్యం. కోదాడ దాటి కొంత దూరం పోతే ఇండియన్ యూనియన్. తెల్లవాళ్లు వెళ్లిపోయాక అవి రెండు దేశాలైపోయాయి, మధ్యలో నాకాలని కాపలా గేట్లు, తనిఖీలు. పెన్‌పహాడ్ పక్కన మా పల్లెలో పగలు నైజాం మనుషులు వచ్చి కొడితే, పొద్దుగూకాక దళాలవాళ్లు వచ్చి బియ్యం అడిగేవాళ్లు. మందను తోలుకుని పారిపోలేం, వదిలేసి పోతే ఎవడో కోసుకు తింటాడు. అందుకే అమ్మేశాం. డబ్బు వెంట తీసుకుపోదామంటే నాకా దగ్గర చీరల మూటలు కూడా విప్పి చూస్తున్నారు. పైగా మా హాలీ రూపాయి అవతల చెల్లదు, అక్కడ నడిచేది కల్దారు రూపాయి. కొన్నాళ్లకు అన్నీ సర్దుకుంటాయి, తిరిగొచ్చి మళ్లీ మంద కొనుక్కుందాం అనుకుని, మామ, అత్త, మా ఆయన, నేను కోదాడ మీదుగా జగ్గయ్యపేట చేరుకున్నాం.

ఏం సర్దుకోవడం! ఎండాకాలం వచ్చేదాకా ఊరి బయట పాకలోనే ఉన్నాం. మా ఆయన, నేను సున్నపు బట్టీలో కూలికి పోయేవాళ్లం. మామకు పని దొరకలేదు. గొర్రెలు లేకపోయేసరికి ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలిసేది కాదు. ఎవరి మేకలో అటుగా పోతుంటే లేచి నిలబడి చూసేవాడు. "మన పైసలు సూర్యాపేటల ఉన్నయి, మనకేం భయం" అని రోజూ ఒకసారైనా అనేవాడు.

అప్పుడు ఆయన తొడ మీద గడ్డ లేచింది. పసుపు, వేపాకు కట్టాం. అది తగ్గకపోగా లోపలికి పాకింది. ఒళ్లు కాలిపోతుంటే ఎడ్లబండి మీద పడుకోబెట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన గడ్డ కోసి, చీము తీసి, మా ఆయన్ని పక్కకు పిలిచాడు. "చూడు బాబూ, కొత్త సూదిమందు ఒకటి వచ్చింది. బెజవాడలో దొరుకుతుంది, కానీ చాలా ఖరీదు. అది పడితే బతుకుతాడు. అందాకా నా దగ్గరున్న మాత్రలతో లాగుతాను. ఆలస్యం మాత్రం చెయ్యకండి" అన్నాడు.

మాకు అప్పిచ్చేవాళ్లు ఎవరున్నారు అక్కడ? పరాయి దేశంలో పాకలో ఉండేవాళ్లను ఎవరు నమ్ముతారు? ఉన్న సొమ్మంతా సూర్యాపేటలో ఉంది. మగవాళ్లు నైజాం వైపు తిరిగొస్తే నాకాలోనే పట్టుకుని కొడుతున్నారు. ఆడవాళ్లను మాత్రం చుట్టాల ఇంటికి పోతున్నామంటే వదిలేస్తున్నారు. మా అత్త కాయితం మీద మామ వేలిముద్ర వేయించి, రవికెలో దాచుకుని, "నడువ్ పిల్లా" అంది. కొంత బండి మీద, కొంత కాలినడకన కోదాడ చేరి, అక్కడ మోటారెక్కి సూర్యాపేటలో దిగాం.

బ్యాంకులో లెక్కలు చూసే మున్షీ చెడ్డవాడు కాదు. మా అత్త చూపించిన కాయితాన్ని చూసి తలకాయ అడ్డంగా ఊపాడు. "ఈ ముద్ర నాకేం తెలుసమ్మా? ఖాతా ఉన్న మనిషే గీడికి రావాలె. నా కండ్ల ముంగట వెయ్యాలె" అన్నాడు.

"లేవలేకుండ ఉన్నడయ్యా" అంది అత్త.

"యాడున్నడు?"

అత్త కొంగు సర్దుకుంటూ నా వైపు తిరిగింది. మున్షీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు చెప్పకు తల్లీ. యూనియన్ల ఉన్నడని తెలిస్తే ఈ పైసలు ఆగిపోతయి, ఇగ ఎవ్వరికీ రావు. మనిషి ఉంటే మనిషి రావాలె. మనిషి పోతే పెండ్లానికి ఇస్తం. దానికి పటేలు సంతకం కావాలె, ఇద్దరు పెద్దమనుషులు వచ్చి పోయిండని గవాయి చెప్పాలె. గంతే, నా చేతుల ఏం లేదు."

బయటికి వచ్చాం. అత్త బజారులో ఒక గోడ వారగా కూర్చుంది. నేను బ్యాంకును, మున్షీని, ఆ రాజ్యాన్ని, ఈ రాజ్యాన్ని కలిపి నోటికి వచ్చినట్టు తిడుతున్నాను. ఆమె వినడం లేదు. లేచి చీర దులుపుకుని, "మిర్యాలగూడ పోదాం. మా తమ్మునింటికి" అంది.

"పోయి ఏం జెప్తమత్తా?"

"మీ మామ సచ్చిపోయిండని జెప్త."

"ఏం మాటలత్తా గవి! బతికున్న మనిషిని పట్టుకొని!" అన్నాను.

"బతికుండాలెననే గద. నువ్వు నోరు దెరిస్తే నా మీద ఒట్టు" అంది. అంతకుముందు గానీ తర్వాత గానీ ఆమె నాకు ఒట్టు పెట్టలేదు.

తమ్ముడిది మిర్యాలగూడ అవతల పల్లె. మమ్మల్ని చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు. "మీ బావ పోయిండురా" అని అత్త వాకిట్లో కూలబడింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అన్ని నెలలుగా కడుపులో దాచుకున్నదంతా ఏడ్చింది. తమ్ముడు నేల మీద పడి దొర్లాడు. పల్లె పల్లెంతా వచ్చింది. ఒక ముసలమ్మ అత్త చేతులకేసి చూసి, "గాజులట్లనే ఉన్నయేందే?" అని అడిగింది.

"తీసెటోళ్లు ఎవరున్నరమ్మా గాడ, మనోళ్లు లేని దేశంల" అంది అత్త.

పోయాడని అంటే సరిపోతుందనుకుంది పిచ్చిది. పటేలు వచ్చి సంతకం పెడతాడు, పని అయిపోతుంది అనుకుంది. నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ తమ్ముడు అక్కను అట్లా వదిలేస్తాడా? పుట్టినింటి చీర పెట్టాలి, తీయాల్సినవి పద్ధతి ప్రకారం తీయాలి, లేకపోతే బావకు గతులుండవు అన్నాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. చెబితే గవాయి చెప్పేవాడు ఉండడు. అత్త నాకేసి ఒక్కసారి చూసి తల వంచుకుంది.

తెల్లవారుజామున బావి దగ్గరికి తీసుకుపోయారు. నిండుగా పసుపు పూశారు, నొసటి నిండా బొట్టు పెట్టారు, చేతినిండా గాజులు తొడిగారు. తర్వాత ఇద్దరు విధవ ముసలమ్మలు ముందుకొచ్చి ఆ గాజులన్నీ పగలగొట్టారు. బొట్టు తుడిచారు. మట్టెలు తీశారు. పుస్తెలతాడు తెంపి పాలలో వేశారు. మొగుడు జగ్గయ్యపేటలో మందు కోసం ఎదురు చూస్తుంటే, ఇక్కడ పెండ్లానికి ఇదంతా చేస్తుంటే, నేను అన్నీ తెలిసి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. నా జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్క పొద్దే.

పటేలు సంతకం పెట్టాడు. తమ్ముడు, ఇంకో పెద్దమనిషి సూర్యాపేటకు వచ్చి గవాయి చెప్పారు. మున్షీ అత్త బోసి నొసటి వంక చూసి, ఏమీ అడగకుండా డబ్బు ఇచ్చేశాడు. కోదాడలో హాలీ ఇచ్చి కల్దారు తీసుకునేచోట మాకు నష్టమే వచ్చింది. వచ్చినదాన్ని లంగా అంచులో కుట్టుకుని అవతలికి చేరాం.

మామ బతికే ఉన్నాడు. మా ఆయన బెజవాడ పరిగెత్తి మందు తెచ్చాడు. సూదులు పడుతుంటే జ్వరం దిగింది, ఆయన కళ్లు తెరిచాడు. తెరిచి మొదట చూసింది అత్త మొహమే. చూస్తూనే ఉన్నాడు. చివరికి, "నేను పోయిన్నా ఏందే?" అని అడిగాడు. అత్త జరిగింది చెప్పింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదలడం కనిపించింది నాకు.

ఆయన లేచి తిరగడం మొదలుపెట్టాక నేను అత్తను గాజుల కొట్టుకు లాక్కుపోయాను. ఆమె చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"వద్దు బిడ్డా. పాలల్ల ఏసినంక దేవుడు గూడ ఆయన పోయిండనే అనుకుంటున్నడు. అట్లనే అనుకోనీ. నేను మళ్ల బొట్టు పెట్టుకుంటే దేవునికి యాదికొస్తది."

"దేవునికి గంత తెల్వదా అత్తా!" అని కసిరాను. ఆమె నవ్వింది కూడా. కానీ వినలేదు.

తర్వాత యూనియన్ సైన్యం వచ్చి రెండు రాజ్యాలూ ఒకటయ్యాయి. మేం ఊరికి తిరిగొచ్చాం. మామను చూసి ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. సంగతి తెలిసి తమ్ముడు పరిగెత్తుకొచ్చి, బావ ఒళ్లంతా తడిమి చూసి, రెండు చేతులా తలకాయ బాదుకున్నాడు. "నా చేతులతోటి చేయిస్తివి గదనే అక్కా" అని ఏడ్చాడు. మామ ఎంతో బతిమాలాడు, మళ్లీ పుస్తె కడతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మొగుడికి అన్నం పెడుతూ, అతనితో మాట్లాడుతూ, అతని పక్కనే కూర్చుని, బోసి నొసటితో బతికింది. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు కాదు. పేరంటానికి సరేసరి. పొద్దున్నే ఎదురొస్తే ఆగి వెనక్కి పోయేవాళ్లు. వాళ్ల మీదికి నేను పోట్లాటకు పోతే నన్నే తిట్టేది.

మరుసటి ఏడాది వానలకు ఆమెకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు మాట పడిపోయింది. చెయ్యి మాత్రం మాటిమాటికి నొసటి దాకా పోయి, అక్కడ తడిమి, కిందికి జారేది. అడగాల్సిన అవసరం లేదు, నాకు తెలిసిపోయింది. ఆ సాయంత్రమే పోయింది.

స్నానం చేయించారు. పసుపు, కుంకుమ పళ్లెంలో ఉన్నాయి, నేనే తెచ్చి పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మొగుడు ముంగటనే కూసుండె గద, మీ కండ్లు పోయినయా?" అని నేను అరిచాను. ఒక్కతీ కదలలేదు. మామ మెల్లగా లేచి పళ్లెం అందుకున్నాడు. తమ్ముడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బావా. నిన్ను దాచిపెట్టాలెననే గదా అక్క గిన్ని రోజులు గిట్ల ఉన్నది. ఇప్పుడు పెడితే ఆ యముడికి తెలుస్తది."

"తెల్వనీరా" అన్నాడు మామ. "నేను బతికే ఉన్ననని తెల్వనీ. నా పెండ్లాం ముండమోసి పోలేదని గూడ తెల్వనీ."

ఆయన పెట్టాడు. పిడికెడు తీసి అద్దేసరికి కుంకుమ ముక్కు మీద, చెంపల మీద రాలింది. మొగుడుండగా పోయిన ఇల్లాలి నొసటి కుంకుమ మా దిక్కు ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి తీసుకుంటారు, తమకూ అట్లాంటి చావే రావాలని. ఆ రోజు ఎవరూ రాలేదు. నేనొక్కదాన్నే వంగి, ఆమె చెంప మీద రాలినదాన్ని వేలితో తీసి నా నొసట పెట్టుకున్నాను.