గడప బయట కాచిన గంజి

మొన్న తన పుట్టినరోజని మా మనుమరాలు నన్ను తిరుపతిలో కొత్తగా తెరిచిన చీనా హోటలుకు లాక్కుపోయింది. ఈ వయసులో నాకా సేమ్యాలాంటి పొడుగాటి నూడుల్సేమిటే అని విసుక్కుంటూనే వెళ్లాను. కూర్చున్నామో లేదో, ఏం కావాలని అడగకముందే ఒకమ్మాయి గ్లాసుతో నీళ్లు తెచ్చిపెట్టింది. తాగబోతూ తలెత్తితే ఎదుటి గోడమీద ఆ హోటలు పుట్టుపూర్వోత్తరాలు, ఊరూరా తెరిచిన కొట్ల బొమ్మలు, అన్నింటికీ పైన మదరాసులోని మొదటి కొట్టు ముందు నిలబడిన ముగ్గురి ఫొటో. ఒక చీనా మనిషి, పక్కన మా చిన్నాయన, ఆయన పక్కన ఇంత బొట్టుతో మా చిన్నమ్మ. నీళ్లు తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాను. డెబ్భై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరూ పేరెత్తని మనుషులు వాళ్లు.

మన ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, మా నగరిలో నేసే లుంగీలకు రంగూనులో ఎంత గిరాకీ ఉండేదో. మా నాయన ఇక్కడ మగ్గాలు చూసుకుంటే చిన్నాయన అక్కడ కొట్టు నడిపేవాడు. రంగూను మీద బాంబులు పడిన ఏడు, అక్కడినుంచి ప్రాణాలతో బయటపడి వచ్చిన ఒకాయన, మీవాణ్ణి దారిలో కలరా తీసుకుపోయిందని చెప్పాడు. ఆ మాట నమ్మి పెద్దవాళ్లు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మలన్నీ జరిపించి, పట్టుమని ఇరవై ఏళ్లు లేని చిన్నమ్మ గాజులు పగలగొట్టారు.

మూడు నెలలు తిరక్కుండానే ఒక మిట్టమధ్యాహ్నం, ఏకాంబరకుప్పం స్టేషను నుంచి వచ్చిన జట్కా మా వాకిట్లో ఆగింది. ఎముకల గూడైపోయిన చిన్నాయనను రంగూను నుంచి తోడొచ్చిన ఒక చీనా మనిషి వీపుమీద మోసుకుని దిగాడు. అప్పుడు వాకిట్లో ఉన్నది ఎనిమిదేళ్ల నేనొక్కదాన్నే. "పాపా, గుక్కెడు నీళ్లీ తల్లీ" అన్నాడు చిన్నాయన. దయ్యం వచ్చిందని కేకలు పెడుతూ లోపలికి పరుగెత్తాను గాని నీళ్లివ్వలేదు.

మా అవ్వ బయటికొచ్చి కొడుకును చూసింది. ఏడుస్తూ రెండడుగులు వేసి, గడప దగ్గర ఆగి, అడ్డంగా చేతులు చాపింది. "కర్మ చేసేసినాం కదరా అబ్బా! ఐవోరు వొచ్చి సుద్ధి చేసేదాంక గడప తొక్కగూడదు నాయనా" అంది. చచ్చాడని కర్మ చేసినవాడు బతికొస్తే, మళ్లీ పుట్టినట్టు పేరుపెట్టి, కట్టుకున్నదానితోనే మళ్లీ పెళ్లి చేసి గాని ఇంట్లోకి రానివ్వకూడదని మావాళ్ల పట్టింపు. పురోహితం చేసే ఆ ఐవోరేమో నారాయణవనం వెళ్లాడు, రెండు రోజులకు గాని రాడు. బర్మా నుంచి అన్ని కొండలు దాటొచ్చిన మనిషి సొంత గడప దాటలేక, ఒళ్లు కాలిపోయే జ్వరంతో మగ్గాల కొట్టంలో పడుకున్నాడు. అవ్వది రాతిగుండె కాదు, ఆ రెండు రోజులూ పచ్చి గంగ ముట్టలేదు. ఆచారం తప్పితే తిరిగొచ్చిన కొడుకు మళ్లీ పోతాడని ఆమె భయం. మా భాష ఒక్క ముక్క రాని ఆ చీనా ఆయనే, మా అమ్మ దూరంగా పెట్టి వచ్చిన బియ్యంతో, అల్లం దంచివేసి గంజి కాచి, కొంచెం కొంచెంగా తాగించి ఆ ప్రాణం నిలబెట్టాడు.

రెండోనాడు పొద్దున అందరూ చూస్తుండగా చిన్నమ్మ దేవుడి గూట్లోని కుంకుమ తీసి తనంతట తానే నుదుట పెట్టుకుని, గడప దాటి కొట్టంలోకి వెళ్లి, ఆ గంజి మొగుడి ముంతలోనే తాగింది. అవ్వ గుండెలు బాదుకుంటే, "ఆకలైతా ఉండేవాడు సచ్చినోడెట్లవుతాడత్తా?" అనడిగింది. ఐవోరు వచ్చేసరికి ముగ్గురూ వెళ్లిపోయారు. మా నాయన ఆ తరువాత వాళ్ల పేరు ఎత్తనివ్వలేదు. ఎక్కడో దిక్కులేకుండా పోయి ఉంటారనే నేనూ నమ్ముతూ వచ్చాను.

గోడమీది రాత మనుమరాలి చేత చదివించుకున్నాను. అల్లం గంజితో మొదలైన కొట్టట. మా చిన్నమ్మ పెట్టిన నియమం ఒకటి ఇప్పటికీ అన్ని ఊళ్లలో పాటిస్తారట: గడప తొక్కినవాళ్లకు ముందు నీళ్లివ్వాలి, ఎవరు, ఏమిటన్నది తరువాత. నేను నీళ్లివ్వని సంగతి చిన్నాయన ఆమెకు చెప్పాడేమో, అడుగుదామంటే ఇప్పుడెవరున్నారు?

ఈనాటి పిల్లలకు గడపల పట్టింపు లేదు. మా మనుమరాలు ఎవరి చేతిదైనా తింటుంది, ఎవరినైనా లోపలికి రమ్మంటుంది. మన ఈడువాళ్లం నలుగురం చేరితే మన కాలమే బాగుండేదని అంటుంటాం కదా, ఇక నాకా మాట నోట రాదు. ఆ పూట అల్లం గంజి తెప్పించుకుని తాగాను. ఆ గ్లాసుడు నీళ్లు మాత్రం తాగకుండా బల్లమీదే వదిలి వచ్చాను.