ఐరిస్ విప్పలేకపోయిన వేషం

ఇంగ్లండ్‌లో నేతమిల్లుల ఊరు బర్న్‌లీలో మగ్గాల షెడ్డు మోత అలాంటిలాంటిది కాదు. అందులో కొన్నేళ్ళు పనిచేసిన ఆడవాళ్ళకి చెవులు మిగిలేవి కావు. అందుకే అక్కడ కబుర్లన్నీ పెదాలతోనే నడిచేవి. గొంతు పెగల్చకుండా, నోరు బార్లా తెరిచి, కనుబొమలు ఆడిస్తూ, ఎవరి మొగుడు ఎవరింట్లో దూరాడో షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి చేరవేసేవారు. ఐరిస్ హోల్‌క్రాఫ్ట్‌కి నటన అబ్బింది అక్కడే. వాళ్ళమ్మ ఫ్లోరీ నేతపనిలోనే చెవిటిదయింది. ఆవిడతో మాట్లాడాలంటే మొహం మొత్తం మాట్లాడాలి.

ఫ్లోరీకి చెవులు పోయాయి కానీ నోరు పోలేదు. నాటకాల కంపెనీలో చేరతానని ఐరిస్ చెప్పిన రోజు ఆవిడ పొయ్యి ఎగదోస్తూ, "ఆ మొహం చూడ్డానికి టికెట్ కొనేదెవరే? పొయ్యి దగ్గర పెడితే పొయ్యే ఆరిపోయేట్టుంది," అంది. చెవిటివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలీదు కదా, వీధి వీధంతా విన్నది.

అక్క ఎడ్నా మాత్రం తన ఒక్కగానొక్క మంచి కోటు తీసి చెల్లెలికి తొడిగి రైల్వే స్టేషన్ దాకా వెళ్ళి పంపింది.

నాకు ఐరిస్ పరిచయమయ్యేసరికి తను చిన్న ఊళ్ళ నాటకశాలల్లో చాలా ఏళ్ళు అరిగిపోయి, మాంచెస్టర్‌లో మా టీవీ స్టూడియోకి వచ్చింది. నేను మేకప్ వేసేదాన్ని. నా పేరు కోనీ. మోర్‌కంబ్ సముద్రం ఒడ్డున ఒక పూటకూళ్ళ ఇల్లు, దాని యజమానురాలు, అక్కడికి వచ్చిపోయే జనం, ఇదీ మా సీరియల్. ఐరిస్‌ది వంటమనిషి వేషం. వారానికి మూడు మాటలు. "టీ తేనా అమ్మగారూ?" అన్నది అందులో పెద్దది.

నిర్మాత పార్జిటర్‌ని ఒకరోజు నిలదీసింది. "ఆ మనిషికి ఒక బతుకంటూ ఉండదా? ఎప్పుడూ కెటిలేనా?"

ఆయన పైపు నోట్లోంచి తీయకుండానే నవ్వాడు. "ఉంటే నువ్వే రాసి పట్రా తల్లీ. నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాస్తే నా టోపీ తింటాను."

ఐరిస్ రాసింది. కానీ ఆ బతుకు వంటమనిషిది కాదు. ఎడ్నాది.

యుద్ధం రోజుల్లో, పెళ్ళికి ముందు, ఎడ్నాకి ఒక బిడ్డ పుట్టింది. తండ్రి ఎవరో విమానాల స్థావరంలో పనిచేసిన కుర్రాడు, మళ్ళీ కనిపించలేదు. ఫ్లోరీ కూతుర్ని కెండల్ ఊరి దగ్గర పెళ్ళికాని తల్లుల ఆశ్రమానికి తరిమి, ఊళ్ళో క్షయ అని చెప్పింది. అక్కడ ఆరు వారాలు పాలిచ్చాక బిడ్డని ఎవరికో ఇచ్చేశారు. బిడ్డకి అల్లిన ఉన్ని చొక్కాకి గుండీలు చాలక, చచ్చిపోయిన తన తండ్రి పాత సైనిక కోటు నుంచి ఒక ఇత్తడి గుండీ కోసి కుట్టింది ఎడ్నా. ఇదంతా ఆమె లోకంలో ఒక్కరికే చెప్పింది. తన పక్కన పడుకునే చెల్లెలికి. తర్వాత వాల్టర్ అనే పోస్టుమాస్టర్ని పెళ్ళి చేసుకుంది. వాళ్ళకి పిల్లలు కలగలేదు. లోపం ఎడ్నాలో ఉందని వాల్టర్ వాళ్ళమ్మ చచ్చేదాకా సాధించింది. ఎడ్నా కిక్కురుమనలేదు.

ఐరిస్ దాన్ని పొల్లుపోకుండా రాసింది. ఆశ్రమం, ఆరు వారాలు, గుండీ, బిడ్డని పట్టుకెళ్ళే మనిషితో ఎడ్నా అన్న మాటలు, అన్నీ. వంటమనిషి యజమానురాలి ఎదురుగా కూర్చుని తన గతం చెప్పుకునే సన్నివేశం అది. షూటింగ్‌లో కెమెరా పట్టినవాడు కూడా ముక్కు చీదుకున్నాడు.

అది ప్రసారమైన సాయంత్రం బర్న్‌లీలో ఫ్లోరీ ముందుగది నిండిపోయింది. టీవీ ఐరిస్ కొనిచ్చిందే. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, ఎడ్నా, వాల్టర్, అందరూ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఫ్లోరీకి వినబడదు, కానీ పెదాలు చదవడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. తెరమీద కూతురి నోరు కదలగానే ఆ మాటలన్నీ తానూ పైకి అనడం మొదలెట్టింది. సగంలో ఆగి, ఎడ్నా వైపు తిరిగి, ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది:

"ఇది నీ కథే కదే! ఆ గుండీ మీ నాన్న కోటుదే కదే! క్షయ అని నేను ఊరంతా చెప్పుకొస్తే ఇదేమిటే ఇలా బయటపెట్టేసింది!"

వాల్టర్ తన పళ్ళెంలో మిగిలిన కేకు ముక్క ముగించి, ఫోర్కు పక్కన పెట్టి, "ఇంటికి పోదాం పద," అన్నాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు, వదిలేయలేదు. ఆ తర్వాత పెళ్ళాంతో ఉప్పు అందించమని తప్ప మాట్లాడలేదు. తలుపు మీద ఎవరో సుద్దతో వెకిలి రాతలు రాస్తే ఎడ్నాయే నీళ్ళు తెచ్చి కడుక్కుంది.

మరుసటి వారం ఎడ్నా స్టూడియోకి వచ్చింది. నేను ఐరిస్‌కి రంగు పూస్తున్నాను. ఎడ్నా అద్దంలోంచే చెల్లెల్ని చూసింది.

"ఒక్కసారి అడగాల్సింది, ఐరిస్."

"అడిగితే వద్దనేదానివి."

"అవును."

"ఎంతమంది ఆడవాళ్ళు ఉత్తరాలు రాస్తున్నారో తెలుసా? మా బాధే చెప్పావని..."

"వాళ్ళ బాధ చెప్పావో లేదో నాకు తెలీదు. నాది మాత్రం అమ్మేశావు." ఎడ్నా చేతిసంచీ సర్దుకుంది. "బాగా చేశావులే. నేను ఆ రోజు అంత చక్కగా ఏడవలేదు."

ఐరిస్‌కి ఆ ఏడు బహుమతి వచ్చింది. పార్జిటర్ టోపీ తినలేదు కానీ ఆమెని రచయితల గదిలో కూర్చోబెట్టాడు. అక్కడ తను రాసినవేవీ పనికిరాలేదు. "తడి లేదు," అనేవాడాయన. "ఇంట్లో ఇంకెవరూ లేరా? బావ సంగతి రాయకూడదూ?" అక్కడ మాత్రం ఐరిస్ ఆగింది. రెండేళ్ళ తర్వాత వంటమనిషి జనానికి విసుగు పుట్టించిందన్నారు. ఆ పాత్రని చంపే పని ఆమెకే అప్పగించారు. "నిన్ను నీకంటే బాగా ఎవరు చంపుతారు?" అన్నాడు పార్జిటర్. గదంతా నవ్వారు. ఆమె రాసింది, ట్రేతో మెట్ల మీద నుంచి తానే పడింది, లేచి దుమ్ము దులుపుకుని ఇంటికి వెళ్ళింది. స్టూడియో గేటు దగ్గర జనం పూలదండలు పెట్టారు. ఆ తర్వాత ఎక్కడ వేషం అడిగినా, "నువ్వు పోయావు కదమ్మా, చూసేవాళ్ళు తికమకపడతారు," అనేవారు.

అలా పనిలేక, సాల్ఫర్డ్‌లో ఒక అద్దెగదిలో రోజూ తెల్లారగానే ముస్తాబై కూర్చునేది. అక్కడికి వచ్చింది జిలియన్.

పాతికేళ్ళు దాటిన పిల్ల, బడిపంతులమ్మ. పెంచిన తల్లి పోతూ పోతూ నిజం చెప్పి, ఒక ఉన్ని చొక్కా చేతిలో పెట్టిందట. దానికొక ఇత్తడి గుండీ. ఆ పిల్లకి టీవీలో చూసిన వంటమనిషి గుర్తొచ్చింది. పత్రికల్లో వెతికి, రాసిందీ నటించిందీ ఒకే మనిషని తెలుసుకుని, ఇక వేరే కాగితాలు వెతికే పనేముందనుకుంది.

"మీరు ఏడ్చిన తీరు చూస్తే అది కల్పన కాదని అప్పుడే అనిపించింది," అంది గుమ్మంలో నిలబడి. "మీరేనా?"

ఈ మాట ఐరిస్ నాకు తర్వాత చెప్పింది. "కాదు, మా అక్క అనడానికే నోరు తెరిచాను కోనీ. కానీ ఎన్నాళ్ళయిందో ఎవరైనా నన్ను అలా చూసి. 'లోపలికి రా తల్లీ' అన్నాను. అంతే."

జిలియన్ వారం వారం వచ్చేది. కేకు తెచ్చేది. అమ్మా అనేది. ఐరిస్ ఒళ్ళు చేసింది, నవ్వడం మొదలెట్టింది.

ఫ్లోరీ పోయినప్పుడు అమ్మమ్మని ఒక్కసారైనా చూస్తానని జిలియన్ పట్టుబట్టింది. ఐరిస్ ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. అంత్యక్రియలయ్యాక అదే ముందుగదిలో హామ్ శాండ్‌విచ్‌లు పంచుతున్నారు. నేనూ ఉన్నాను. జిలియన్ దూరం నుంచి, "అమ్మా, నీకు టీలో పాలు పోయించనా?" అని ఐరిస్‌ని కేకేసింది. ఎడ్నా చేతిలో టీ కూజా ఉంది. ఆ పిల్ల గడ్డంలో తన పోలిక చూసింది, వయసు లెక్కేసుకుంది, చెల్లెలి మొహం చూసింది. వాల్టర్ పక్కనే ఉన్నాడు. కూజా ఒలకలేదు.

"చక్కెర ఎన్ని చెంచాలు బంగారం?" అని అడిగింది కన్నకూతుర్ని. "నేను మీ పెద్దమ్మని."

తర్వాత వంటగదిలో ఐరిస్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. "ఇప్పుడే చెప్పేస్తాను ఎడ్నా, ఇప్పుడే పిలుస్తాను."

"పిలిచి? వాల్టర్ ముందా? లేచి నిలబడు." ఎడ్నా కప్పులు కడుగుతూనే ఉంది. "దాని మొహం చూశావా? సంతోషంగా ఉంది. దాన్ని మళ్ళీ అనాథని చెయ్యడం నాకిష్టం లేదు. కావాలని తీసుకున్నావుగా ఈ తల్లి వేషం, చెయ్యి. చచ్చేదాకా చెయ్యి. ఒక్కరోజు ఆపావంటే మాత్రం, నువ్వెవరో నేనే వచ్చి చెబుతాను."

ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ జిలియన్ పెద్దమ్మని కెండల్‌లో తనింటికి పిలిచేది. ఎడ్నా మానకుండా వెళ్ళేది. భోజనాలయ్యాక అందరి ముందూ అడిగేది, "ఐరిస్, ఆ ఆశ్రమం రోజులు మళ్ళీ చెప్పవే. పిల్లని పట్టుకెళ్ళేటప్పుడు ఏమన్నావు?" ఐరిస్ చెప్పాలి. ఎక్కడైనా తడబడితే ఎడ్నా మెల్లిగా, "అలా కాదనుకుంటా. చినుకులు పడుతున్నాయన్నావు కదూ?" అనేది. జిలియన్ ఐరిస్ చెయ్యి నిమురుతూ ఏడ్చేది. ఎడ్నా తన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

చివరికి ఐరిస్‌కి పక్షవాతం వచ్చింది. జిలియనే తెచ్చుకుని, కడిగి, తినిపించి, నాలుగేళ్ళు చూసింది. నేను చూడ్డానికి వెళ్తే సగం పడిపోయిన నోటితో, "ఆపేయాలనుంది కోనీ," అంది. అప్పుడే జిలియన్ సూప్ గిన్నెతో వచ్చింది. ఐరిస్ వెంటనే నవ్వుమొహం పెట్టింది.

ఐరిస్ పోయాక సమాధి రాయి మీద 'ప్రియమైన అమ్మ' అని చెక్కించారు. నటి అనీ రచయిత్రి అనీ రాయలేదు. అప్పటికి వాల్టర్ పోయి చాన్నాళ్ళయింది. పాతిపెట్టిన రోజున సమాధి దగ్గర ఎడ్నాని పక్కకి తీసుకెళ్ళి, "ఇప్పుడైనా చెప్పొచ్చుగా, అడ్డమెవరున్నారు?" అన్నాను.

"ఇవాళ అది తల్లిని పాతిపెట్టింది," అంది. "నాలుగేళ్ళు గుడ్డలుతికింది దానికి. ఇప్పుడు నేను వెళ్ళి, ఉతికింది ఎవరివో తెలుసా అననా?"

జిలియన్ వచ్చి ఆమెని కౌగిలించుకుంది. ఎడ్నా ఆ పిల్ల వీపు రెండుసార్లు తట్టి, బస్సు టైమయిందని వెళ్ళిపోయింది.

మరుసటి శీతాకాలం ఎడ్నా పోయింది. జిలియన్ పూలు పంపించింది. తన పిల్లాడికి జ్వరంగా ఉందని తాను రాలేకపోయింది.