ఎడమ కాలరుకు గుచ్చిన చీటీ

వీధిలో పిలిచే పేరు: పిన్నీసుల వదిన. వయస్సు: ముప్పది నాలుగు సంవత్సరములు. నేను ఎరిగిన కాలం: పదకొండు సంవత్సరములు, అనగా ఈమె మా ఎదురింటి క్రింది వాటాలో కాపురానికి దిగిన దినం మొదలుకొని నేటి వరకు.

ఈ సంగతులను పాఠశాల ప్రధానోపాధ్యాయినిగారి సమక్షానికి సమర్పిస్తున్నాను. ముప్పది ఏళ్లు కార్యాలయంలో ఉత్తరాలకు నకళ్లు తీసినవాడిని కనుక, విన్న మాటను విన్నట్లే వ్రాయడం నాకు అలవాటు. ఒకటి రెండు మాటలు మొరటుగా తోచినచో మన్నించ ప్రార్థన.

ఈమె ఆసుపత్రి దుప్పట్లు, కోట్లు ఉతికే లాండ్రీలో తనిఖీ బల్ల వద్ద పని చేస్తున్నది. ఉతికి వచ్చిన ప్రతి బట్టను దీపం క్రింద పరచి చూడాలి. మరక గాని చిరుగు గాని కనబడితే, ఆ సంగతి చీటీ మీద వ్రాసి, లోపం ఎక్కడ ఉన్నదో సరిగ్గా అక్కడే పిన్నీసుతో గుచ్చి వెనక్కు పంపాలి. సరిచేసినవారు చీటీ వెనుక సంతకం పెట్టి తిప్పి పంపుతారు. అందుకే ఈమె కోటు జేబు అంచుకు ఎప్పుడూ పిన్నీసులు బారులు తీరి ఉంటాయి. తొమ్మిదేళ్లలో తాను గుచ్చిన చీటీ సంతకం లేకుండా పోయిన రోజు లేదని ఈమె చెబుతుంది.

ఈమె కూతురికి ఎనిమిదేళ్లు. మీ పాఠశాలలో మూడవ తరగతి. గత వర్షాకాలంలో పది రోజులు జ్వరంతో పడి లేచిన తరువాత, పిల్లకు ఎడమ చెవి దాదాపు వినబడకుండా పోయినది. మొదట ఎవరూ కనిపెట్టలేదు. ఒకనాడు ఎడమ ప్రక్క నుండి మూడుసార్లు పిలిచినా పలకకపోయేసరికి, "మొండికేస్తున్నావా?" అని తల్లి వీపు మీద ఒకటి చరిచినది. ఆ మాట వచ్చినప్పుడల్లా ఈమె తన కుడిచేతిని చూసుకుంటుంది. డాక్టరుగారి ధ్రువపత్రం దీనితో జతపరచడమైనది.

తరగతిలో పిల్ల కూర్చునేది చివరి వరుసలో, కుడి గోడ ప్రక్కన. అనగా వినబడే చెవి గోడకు, వినబడని చెవి పాఠానికి. తోటి పిల్లలు "రెండోసారి" అని పేరు పెట్టారు, రెండోసారి పిలిస్తే గాని పలకదని.

"వెళ్లి టీచరుగారితో చెప్పవమ్మా" అన్నాను.

"అమ్మో, తాతగారూ! మా బోటివాళ్లం వెళ్లి అది చెయ్యండి ఇది చెయ్యండి అంటే పిల్లమీద కక్ష పెట్టుకుంటారేమో. నేను చెప్పేది చెప్పి ఇంటికొచ్చేస్తాను. రోజంతా అక్కడ కూర్చునేది అది కదా!"

అయినను మూడు ఉదయాలు బడి గేటు దాకా వెళ్లి, లోపల అడుగు పెట్టకుండానే వెనుదిరిగినది. మూడవనాడు ఈమె లాండ్రీ కోటు చూసి వాచ్‌మన్ అడిగాడట: "ఎవరు కావాలమ్మా?"

"ఎవరూ కాదన్నా, ఊరికే."

"రోజూ ఊరికేనా? ఏం, గేటుకి గాని ఇస్త్రీ చేస్తావా?"

ఇంట్లో అత్తగారు ఊరుకోలేదు. "దుప్పట్లు ఉతికేదానివి దుప్పట్లు ఉతుకు. టీచర్లను ఉతకడానికి బయల్దేరావా?"

నాలుగవనాడు ఈమె తన చేతికి తెలిసిన పని చేసినది. "ఎడమ చెవి వినపడదు. ముందు కూర్చోబెట్టగలరు" అని చీటీ వ్రాసి, పిల్ల కాలరుకు, సరిగ్గా ఎడమ చెవి క్రింద, పిన్నీసుతో గుచ్చి బడికి పంపినది. లోపం ఉన్నచోటనే గుచ్చాలన్నది ఆమె ఎరిగిన నియమం. ఆ రోజు లాండ్రీలో మరక ఉన్న దుప్పటి ఒకటి ఈమె కళ్ల ముందే దాటిపోయినది. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

సాయంత్రం కాలరు మీద పిన్నీసు రంధ్రం మిగిలినది గాని చీటీ లేదు.

"చీటీ ఏదే?"

"టీచర్ తీసేశారు."

"ఏమన్నారు?"

పిల్ల ఎడమ చెవి తడుముకున్నది. "ఏమో అమ్మా. ఈ పక్కనుంచి అన్నారు."

ఈమె నాలుగు రోజులు పిల్ల సంచి వెదికినది, పుస్తకాల అట్టలు విప్పి చూసినది, సంతకంతో చీటీ తిరిగి వస్తుందని. అయిదవనాడు వచ్చినది పాఠశాల ఉత్తరం: శ్రద్ధ లోపించినందున రాబోయే సోమవారం నుండి పిల్లను రెండవ తరగతికి మార్చుచున్నారు. తల్లి చేత ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకొని పిల్ల అడిగినది: "ఆ క్లాసు బల్లలు చిన్నవి కదమ్మా, నేను పడతానా?"

అప్పుడు ఈమె నా వద్దకు వచ్చినది. కూర్చోమన్నా కూర్చోలేదు. "తాతగారూ, చీటీ పెట్టకపోతేనే బాగుండేదేమో. నేనే దాన్ని కిందికి తోసేశానా?"

"ఫిర్యాదు వేరు, విన్నపం వేరు తల్లీ. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, నీకేం కావాలి, ఈ మూడే చెప్పు. ముందు తరగతి టీచరుగారికే చెప్పు, పై మెట్టు తర్వాత" అన్నాను.

నిన్న బుధవారం ఇద్దరం వెళ్లాం. ఈమె మూడు మాటలూ వరుసగా చెప్పినది. టీచరుగారు నుదురు పట్టుకున్నారు.

"అయ్యో, ఆ కాగితమా! పిల్లలు ఒకళ్ల వీపున ఒకళ్లు చీటీలు తగిలించి ఏడిపిస్తుంటారమ్మా. అదీ అలాంటిదే అనుకుని, చదవకుండా చింపి, క్లాసంతటినీ కేకలేశాను. ముందే వచ్చి ఒక్క మాట చెప్పకపోయారా?"

"భయమేసింది మేడమ్."

"నన్ను చూసా?" అని వారు హాజరు పట్టీ తెరిచి పిల్ల పేరు వెదికారు. పిదప, "మార్చేవాళ్ల జాబితా పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు నా చేతిలో లేదు. హెడ్‌మిస్ట్రెస్ గారికి రాసివ్వండి, నేనూ చెబుతాను" అన్నారు.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా: పిల్లను మూడవ తరగతిలోనే కొనసాగనిచ్చి, మొదటి వరుసలో ఎడమ గోడ ప్రక్కన, వినబడే చెవి పాఠం వైపు ఉండునట్లు కూర్చోబెట్టించవలెను. చదువులో వెనుకబడినదో లేదో అక్కడ ఒక నెల విన్న తరువాత నిర్ణయించవలెను. తల్లి చీటీని కాలరుకు గుచ్చడం ధిక్కారం కాదనియు, ఈమె ఎరిగిన అతి శ్రద్ధగల పద్ధతి అదేననియు నేను హామీ ఇస్తున్నాను.

ఈ కాగితాన్ని దేనికీ గుచ్చలేదు. ఈమె స్వయంగా తమ చేతికి అందిస్తుంది. చదివిన గుర్తుగా వెనుక సంతకం చేసి, శుక్రవారం బడి విడిచే వేళకు తిరిగి ఇప్పించ ప్రార్థన. గేటు వద్ద నిలబడి ఉంటుంది. ఈసారి ఊరికే కాదు.