దర్వాజకు రాసిన షరతులు

హైమవతికి ఒకచోట కుదురుగా కూర్చోవడం తెలియదు. పంజాగుట్ట చౌరస్తాకు కాస్త ఇవతల, కళ్లద్దాల దుకాణం పైనున్న ఆమె ఆఫీసుకు వచ్చినవాళ్లు మొదట గమనించేది అదే. కక్షిదారు చెప్పేది నిలబడి వింటుంది. కిటికీ దాకా నడిచి ప్రశ్న అడుగుతుంది. జవాబు పూర్తికాకముందే బల్ల దగ్గరికి వచ్చి రెండు మాటలు రాసి, వాటిలో ఒకటి కొట్టేస్తుంది. చీరాల నుంచి లా చదవడానికి వచ్చి ఈ ఊళ్లోనే నిలిచిపోయిన మనిషి. మొదట్లో కోర్టుకు వెళ్లేది. వాయిదా అనే మాట ఆమెకు పడలేదు. ఒక విషయం తేలకుండా మరో నెలకు జరిగిందంటే ఆ నెలంతా అది ఆమె లోపల తిరుగుతూనే ఉండేది. చివరికి నల్లకోటును అలమరలో పెట్టి, అద్దె ఒప్పందాలూ భాగస్వామ్య పత్రాలూ ఫ్లాట్ల అమ్మకాలూ రాసుకోవడంలో స్థిరపడింది. కాగితం మీదికి వస్తే మాట తేలిపోతుందని ఆమె ఆశించింది. నలభయ్యో పడి దగ్గరపడేసరికి, కాగితం మీద కూడా ఏదీ పూర్తిగా తేలదని అర్థమైంది. అందుకే రాసినదాన్ని మళ్లీ మళ్లీ తెరిచేది. “గ్యాస్ బండ తెచ్చినవాడి రసీదు కూడా వెనకనుంచి ముందుకు చదివి గానీ సంతకం పెట్టవు కదా!” అని భర్త రామ్మోహనరావు ఎగతాళి చేసేవాడు. ఎగతాళిలో అబద్ధం లేదు.

రెండువేల నాలుగులో, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, రాజనర్సయ్య ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనది సిద్దిపేట వైపు. అమీర్‌పేటలో ఒక మేడ మీద చిన్న కంప్యూటర్ శిక్షణ సంస్థ నడుపుతాడు. ఆ వీధిలో తక్కినవాళ్లందరూ ఏ నెలకు ఏది గిరాకీ అయితే అది నేర్పుతుంటే, ఆయన మాత్రం కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపించే వ్యవస్థ ఎలా పనిచేస్తుందో నేర్పుతాడు. కాబట్టి ఆయన బోర్డు చిన్నది.

“మేడమ్, మీరు నాకొక లైసెన్సు రాయాలె.”

“దేనికండీ?”

“దర్వాజకు.”

హైమవతి నడుస్తున్నదల్లా ఆగింది. ఆయన నవ్వాడు. “ఆపరేటింగ్ సిస్టం మేడమ్. మా పోరగాండ్లు రాసిండ్రు. కిటికీలు అమ్ముకునేటోళ్లు మస్తుగ ఉన్నరు. కిటికీలకెళ్లి సూసుడే గని లోపలికి రానియ్యరు గద! అందుకే మేం దర్వాజ అని పేరు పెట్టినం. ఎవలన్న లోపలికొచ్చి సూసుకోవచ్చు.”

కోయంబత్తూరులో మగ్గాల యంత్రాలు తయారుచేసే సంస్థ ఒకటి దర్వాజను తన యంత్రాల్లో పెట్టుకుంటానంది. యంత్రంలో నడిచేదే కాదు, మనిషి చదివి మార్చుకోగల మూల రచన, సోర్స్ కోడ్, మొత్తం కావాలంది. రాజనర్సయ్యకు ఇవ్వడానికి అభ్యంతరం లేదు. చదువుకునేవాళ్లకు ఉచితం, అమ్ముకునేవాళ్లు అడిగి తీసుకోవాలి, మార్చినవాళ్లు ఆ మార్పును మళ్లీ అందరికీ చూపాలి. వీటన్నిటికంటే ముందు, మొదటి పేజీలో రాసినవాళ్ల పేర్లు ఉండాలి, ఆ పేర్లను ఎవరూ తీసేయకూడదు.

హైమవతికి తెలిసిన పద్ధతిలోనే ఆమె మొదలుపెట్టింది. “ముందు హద్దులు చెప్పండి. ఇల్లయితే తూర్పున ఫలానావారి గోడ, పడమర రోడ్డు అని రాస్తాను. దీనికి ఎక్కడ మొదలు, ఎక్కడ చివర?”

ఆయన తల గోక్కున్నాడు. తర్వాత ఒక్కొక్క భాగమే వివరిస్తూ వచ్చి, అన్నిటికీ నడుమనున్న దాని దగ్గర ఆగాడు. “దీన్ని మేం వార్డెన్ అంటం. మధురానగర్ల హాస్టళ్లు సూసిండ్రు గద. పుట్టెడు మంది పోరగాండ్లు, రెండే బాత్రూములు. పొద్దుగాల అందరికి ఒక్కతీరు తొందర. ఎవడు ముందు పోవాలె, లోపల నిద్రపోయినోని తలుపెప్పుడు కొట్టాలె, చెప్పేటోడు ఒకడుండాలె. మిషన్ల సుత గంతే. పనులు మస్తుగుంటయి, చేసే చెయ్యి ఒక్కటే. వార్డెన్ లేకుంటే దర్వాజ లేదు. దాన్ని మా మహేశ్ ఒక్కడే రాసిండు.”

ఆ మాటలు రాసుకుని ఆయన్ను పంపించాక హైమవతికి ఏ పనీ సాగలేదు. ఇన్నేళ్లూ ఆమె రాసిన కాగితాలన్నీ ఒకరు వదులుకుంటే మరొకరికి దక్కే వస్తువుల గురించి. ఇల్లు అద్దెకిచ్చినవాడు ఆ ఇంటి బయట ఉండాలి. దర్వాజను ఎంతమందికిచ్చినా ఇచ్చినవాడి దగ్గర అది అంతే ఉంటుంది. తనకేమీ తగ్గకుండా ఇవ్వగలిగినదాన్ని ఇస్తే అది దానమవుతుందా? యజమానికేమీ తగ్గకుండా తీసుకుంటే అది దొంగతనమవుతుందా? అవునని చట్టం చెబుతోంది గానీ ఎందుకో చెప్పడం లేదు. ఆ సాయంత్రం ఆమె ఆటో ఎక్కకుండా అమీర్‌పేట దాకా నడిచింది. జిరాక్స్ దుకాణాల ముందు కట్టలు కట్టలుగా పాఠాల ప్రతులు పేర్చి ఉన్నాయి. ఒక కట్ట తిరగేసింది. హాస్టలూ వార్డెనూ పోలికతో సహా రాజనర్సయ్య రాసిన పాఠాలే. పై అంచున ఆయన పేరుండవలసిన చోట తెల్ల కాగితం అంటించి నకలు తీసినట్టు తెలుస్తోంది. పోయింది ఒక్క పేరే. ఆయన పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు అర్థమైంది. అర్థం కావడం వల్ల మనసు నెమ్మదించలేదు.

ముసాయిదా మొదటి పేజీలో ఆమె రాసినవాళ్ల పేర్లు వేసింది. ఎవరు ఏ భాగం రాశారు, ఏ ఏళ్లలో రాశారు అన్నది కోయంబత్తూరువాళ్లు విడిగా అడిగారు కాబట్టి అదీ చేర్చింది. సంతకాల కోసం అందరికీ కబురు వెళ్లింది. రెండు రోజులు తిరక్కుండానే, మధ్యాహ్న భోజనం వేళ, మహేశ్ మెడలోని గుర్తింపు కార్డును చొక్కా జేబులో దోపుకుని ఆయాసంతో మెట్లెక్కి వచ్చాడు. బేగంపేటలోని ఒక పెద్ద కంపెనీలో అతను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

“మేడమ్, నా పేరు అండ్లకెళ్లి తీసేయుండ్రి.”

“అదేంటండీ? ఆ భాగం మీరు రాసింది కాదా?”

“నేను రాసిందే. గదే పరేషాన్.”

కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. అతను చదువు ముగించేసరికి కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశాయి. రెండువేల ఒకటీ, రెండూ అట్లాగే పోయాయి. ఆ ఖాళీలోనే రాజనర్సయ్య దగ్గర కూర్చుని వార్డెన్ రాశాడు. మళ్లీ ఉద్యోగాలు వచ్చేనాటికి అందరూ రెండేళ్ల అనుభవం అడగసాగారు. అమీర్‌పేటలో దానికొక దారి ఉంది. ఒక కన్సల్టెన్సీవాళ్లు ఆ రెండేళ్లూ అతను బెంగళూరు కంపెనీలో పనిచేశాడని పత్రం ఇచ్చారు.

“కాగితాల నేను బెంగళూర్ల ఉన్న మేడమ్. గా కంపెనీ అసలు ఉన్నదో లేదో సుత నాకు ఎర్క లేదు.”

“బెంగళూరైనా చూశారా?”

“ఇంటర్వ్యూకు ముందు ఒకపారి పోయొచ్చిన. ఆడ ఏ బస్సు యాడికి పోతదో అడుగుతరేమోనని.”

హైమవతికి నవ్వు వచ్చింది, వెంటనే నవ్వినందుకు సిగ్గు వేసింది. అతను నవ్వలేదు. “మా కంపెనీల పాత కాగితాలన్ని మళ్ల తీసి సూస్తుండ్రు మేడమ్. ఇండ్ల నా పేరు, అమీర్‌పేట, గా యేడాదులు కనవడ్డయంటే ఖతం. నా భాగం సార్ పేరు మీద రాయుండ్రి, అయిపాయె.”

“అలా రాస్తే అది అబద్ధమవుతుంది.”

“కిరాయి అగ్రిమెంట్లకు పాత తారీఖు స్టాంపు పేపర్లు వాడ్తరు గద మేడమ్?”

ఒకటి రెండుసార్లు ఆమె వాడిన మాట నిజమే.

రాజనర్సయ్యకు ఫోన్ చేస్తే ఆయన మండిపడ్డాడు. “వాని పని నా పేరు మీద రాసుకుంటనా? మరి గా జిరాక్స్ దుకాణపోనికి నాకు ఫరక్ ఏముంటది?” ఆ తర్వాత గొంతు తగ్గించి, “నౌకరి పోతే వాడు ఆగమైతడు మేడమ్. మీరే ఏదన్న తొవ్వ సూడుండ్రి” అన్నాడు.

ఆమె వెతికింది. పేరు దాచి ప్రచురించడం చట్టంలో ఉంది గానీ ఏ భాగం ఎవరిదో పేరుతో చెప్పాలన్నది కోయంబత్తూరువాళ్ల షరతు. వేరేవాళ్ల పేరు పెట్టడం తాను చేయదు. ఇక మిగిలింది ఒకటే. వార్డెన్ అనే భాగం ఈ లైసెన్సు కిందికి రాదనీ, దర్వాజను తీసుకునేవారు దాన్ని స్వయంగా రాసుకోవాలనీ ఒక వాక్యం చేర్చింది. వాక్యం నిక్కచ్చిగా ఉంది. ఎవరికీ అన్యాయం జరగలేదు, ఎక్కడా అబద్ధం లేదు. అయినా అది చదివినప్పుడల్లా ఆమెకు నడుమ గది లేని ఇంటికి దస్తావేజు రాసినట్టనిపించేది. కొట్టేసింది, మళ్లీ రాసింది, చివరికి పంపింది.

ఈసారి మహేశ్ భోజనం వేళ దాకా ఆగలేదు. పొద్దున్నే వచ్చి ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. అప్పటికే రాజనర్సయ్య అక్కడ కూర్చుని ఉన్నాడు.

“గిదేంది మేడమ్? పేరు తీయమన్న గని పని తీయమన్ననా?”

“పేరు లేకుండా పనిని ఇవ్వలేమండీ. ఇచ్చేవాళ్లెవరో చెప్పకుండా ఇల్లు రిజిస్ట్రీ చేయగలనా?”

“వాళ్లు రాసుకుంటరంట! దాన్ని ఎట్ల రాస్తరు? పొద్దుమాపు దానితోని కొట్లాడిన నేను.”

“అరే, నువ్వే గద రా వద్దంటివి” అన్నాడు రాజనర్సయ్య.

“వద్దన్న సార్. వద్దన్న గని…” అతను మాట ముగించకుండా కిటికీ దాకా వెళ్లాడు, అక్కడినుంచి తలుపు దాకా వచ్చాడు. ఆ గదిలో ఆవేళ నడిచినవాడు అతనే. హైమవతి కూర్చునే ఉంది. “సరే మేడమ్. పేరు పెట్టుండ్రి. యేడాదులు వద్దు. ఇప్పుడు లోకానికి చూపెడుతున్నం గాబట్టి ఈ యేడాదే వెయ్యుండ్రి.”

ఆ దారి ఆమెకూ ముందే తట్టింది. అందుకే జవాబు సిద్ధంగా ఉంది. “ఈ ఏడాది వేస్తే అది మీరు ఉద్యోగంలో ఉండగా రాసినట్టవుతుంది. అప్పుడు మీ కంపెనీ అది మాదే అంటుంది. దర్వాజ మొత్తం చిక్కుల్లో పడుతుంది. పాత ఏళ్లు వేస్తే పని మీది, ఉద్యోగం పోవచ్చు. కొత్త ఏడు వేస్తే పనే మీది కాకుండా పోవచ్చు. మూడోది బల్ల మీదున్న ఆ కాగితం.”

కింద చౌరస్తాలో ఒక బస్సు ఆగకుండా హారన్ కొడుతోంది. కాగితం మీద అతను పనిచేసిన ఊళ్లో అతను లేడు. నిజంగా పనిచేసిన రెండేళ్లకు కాగితం లేదు. తన బతుకులో సిగ్గుపడనక్కరలేని భాగాన్నే అతను దాచుకోవలసి వస్తోందన్న సంగతి హైమవతికి అప్పుడే తోచింది. తోచిన మాటను అతనికి చెప్పలేదు. ఇంకొకరి ఉద్యోగం పందెంలో ఉన్నప్పుడు మంచి మాటలు చెప్పడం తేలిక.

“ఊళ్లె మా నాయిన అందరికి చెప్తుండు మేడమ్, కొడుకు బెంగళూర్ల చేసిండని. ఆయినకు సుత ఎర్క లేదు.” మహేశ్ చివరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “అసలు యేడాదులే వెయ్యుండ్రి.”

“ఆలోచించుకో బిడ్డా” అన్నాడు రాజనర్సయ్య.

“నాలుగు రోజులు ఆగి చెప్పండి” అంది హైమవతి.

“ఇప్పుడే టైపు కొట్టుండ్రి మేడమ్. రేపటికల్ల మళ్ల బుగులైతది.”

ఏ కాగితాన్నీ ఒక్క పూటలో వదలని మనిషి, అతని కళ్ల ముందే ఆ వాక్యాన్ని తీసేసి, వార్డెన్ భాగానికి ఎదురుగా మహేశ్ పేరూ అమీర్‌పేటా ఆ రెండు సంవత్సరాలూ టైపు చేసింది. అతను సంతకం పెట్టి, ఒక ప్రతి అడిగి తీసుకున్నాడు. వాళ్లు కనిపెట్టేదాకా ఆగకుండా మేనేజరుకు తానే చూపిస్తానన్నాడు.

చూపించాడు. ఆ వారంలోనే కంపెనీ అతనిచేత రాజీనామా రాయించుకుని పంపేసింది.

దీన్ని ధైర్యమనడానికి తొందరపడనక్కరలేదు. ఒక అబద్ధం మోయలేక దించుకున్నాడని కూడా అనవచ్చు, తన పనిని తాను వదులుకోలేకపోయాడనీ అనవచ్చు. హైమవతికి ఏదీ తృప్తినివ్వలేదు. తాను అబద్ధం రాయనని అంది, సరే. కానీ ఆ నియమం తనది, నష్టం అతనిది. ఎవరి నియమానికి వాళ్లే నష్టపోతేనే అది నియమం అనిపించేది. రెండుసార్లు అతని నంబరు నొక్కి, మోగకముందే పెట్టేసింది. అద్దె ఒప్పందాలు రాస్తూ రాస్తూ మధ్యలో లేచిపోయేది. ఆ నెలలో ఒక కక్షిదారు పాత తారీఖు స్టాంపు పేపరు పట్టుకొస్తే, వేరేచోట రాయించుకోమని పంపేసింది. దానివల్ల కూడా మనసు తేలిక పడలేదు.

వానలు మొదలయ్యాక ఒక రోజు మహేశే ఫోన్ చేశాడు.

“మంచిగున్నరా మేడమ్? ఇంకో నౌకరి సూస్తున్న. దొరుకుతది, దొరకదు, ఎర్క లేదు. ఇప్పుడైతే గీ కోయంబత్తూరోళ్లు సతాయిస్తుండ్రు.”

“ఏమైందండీ?”

“వాళ్ల మిషన్ల వార్డెన్ ఒక పనిని లోపల్నే ఉంచి తలుపు కొడ్తలేడంట. మిషన్ ఆగిపోతుందంట. పేరున్నది గద, సీదా నన్నే పట్టుకున్నరు.”

హైమవతి గభాలున లేచి నిలబడింది. “మీరు చేయనక్కర్లేదండీ! ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలి, దేనికీ హామీ లేదు అని చివరి షరతు రాశాను కదా. ఆ మాట వాళ్లకి చెప్పకపోయారా?”

“సూసిన మేడమ్, మంచిగనే రాసిండ్రు,” అన్నాడతను. వెనక కీబోర్డు చప్పుడు వినిపిస్తూనే ఉంది. “అయినా నాదే గద. ఉంటా మరి, వాళ్లే మళ్ల ఫోన్ చేస్తుండ్రు.”